కాన్పు నెత్తురు రాసేటప్పుడు

నాయనా,

నీ కథ అందింది. ఆలూరు వైపు మాటతీరు బాగా పట్టావు. ఆఖరి పేజీ చదివాక మాత్రం ఒళ్ళు మండింది. కాన్పయిన గంటకు ఆ బాలింత నెత్తురు పోయి చచ్చిపోతే, 'తలరాత' అని రాసి చేతులు దులుపుకున్నావు.

తలరాత కాదు. మామూలు రోజుల్లో గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం వెళ్తే ఎక్కువ. నెలలు నిండేసరికి అది 500 దాటుతుంది. బిడ్డకు లోటు రాకుండా, బొడ్డుతాడు అంటుకుని ఉండే మాయ తాలూకు కణాలు తల్లి రక్తనాళాల్లోకి చొరబడి, వాటి కండరపు పొరను కరిగించి వెడల్పు చేస్తాయి. తమంతట తాము ముడుచుకునే శక్తి ఆ నాళాలకు ఇక ఉండదు. మాయ ఊడగానే వాటి నోళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి. నులకమంచంలా అడ్డదిడ్డంగా అల్లుకున్న గర్భసంచి కండరం బిగిస్తేనే అవి మూతపడతాయి. బిగించకపోతే నిమిషానికి అర లీటరు నెత్తురు, లెక్క వేసుకో.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో కర్నూలు పెద్దాసుపత్రి మెట్ల మీద కూర్చుని, డ్యూటీ దిగిన నర్సమ్మల్ని అడిగి ఇవన్నీ తెలుసుకున్నా. ఒకామె నా పొట్ట మీదే చెయ్యి పెట్టి చూపించింది. బొడ్డు దగ్గర గుండ్రంగా, గట్టిగా తగిలితే భయం లేదట. మెత్తగా తగిలితే ఒక చేత్తో రుద్దుతూనే గర్భసంచి బిగిసే ఇంజెక్షన్ కోసం కేక వెయ్యాలి. గర్భిణికి రక్తం మూడో వంతుకు పైగా పెరిగి ఉంటుంది కాబట్టి చాలా పోయేదాకా ముఖంలో తెలియదు, నాడి మాత్రం ముందే పరుగెడుతుంది.

అదంతా కథ చేసి పంపితే ఒక వారపత్రిక ఎడిటర్ 'పాఠకులకు ఏవగింపు' అని తిప్పి పంపాడు. ఆ సంచికలోనే తల తెగిపడిన ఫ్యాక్షన్ కథ వేశాడు! సీమ కథంటే వీళ్ళకు వేటకొడవళ్ళ నెత్తురే కావాలి, కాన్పు నెత్తురు అంటే ముక్కు మూసుకుంటారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. నువ్వూ ఆ నెత్తురును విధి మీదకు తోసేస్తే వాళ్ళకూ నీకూ తేడా ఏముంది?

మాయ పడిన దగ్గర్నుంచి మళ్ళీ రాయి. ఆ గంటలో ఆమె పక్కన ఎవరున్నారు? పొట్ట మీద చెయ్యి వేసి చూసిందెవరు? ఇంజెక్షన్ ఉందా? 108కి ఎవరు, ఎప్పుడు ఫోన్ చేశారు? ఆదోని ఆసుపత్రి చేరేదాకా బండిలో ఏం జరిగింది? ఇవి రాసి పంపు. నీ కథల సంపుటి సంగతి ఆ తర్వాత చూద్దాం.