నియంత చివరి రోజుల మీద కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. ఒక్క బిగిన చదివేసి, తర్వాత తీరిగ్గా పెన్సిల్ పట్టుకుని మళ్లీ కూర్చున్నాను. రుమేనియా నియంత నికొలాయ్ చౌషెస్కు, ఆయన భార్య ఎలీనాల చివరి మూడు రోజుల గురించి తెలుగులో కథ రాయాలనుకోవడమే నాకు సంతోషంగా ఉంది. 1989 డిసెంబరులో మన పేపర్ల నిండా ఇక్కడి ఎన్నికలు, కొత్త ప్రభుత్వాల కబుర్లే. వాటి మధ్య ఎక్కడో రుమేనియా రాజధాని బుకారెస్ట్ వార్త వచ్చేది. 24 ఏళ్లు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి నాలుగు రోజుల్లో గోడ పక్కన తుపాకీ గుళ్లకు చచ్చిపోయాడంటే అప్పట్లో చాలామందికి నమ్మబుద్ధి కాలేదు.

నీ వాక్యం బాగుంది. దాని జోలికి పోను. నన్ను కష్టపెట్టింది వేరే. నీ కథలో చౌషెస్కు చివరి రాత్రి కిటికీలోంచి మంచు చూస్తూ పశ్చాత్తాపపడతాడు, తన వల్ల చనిపోయినవాళ్లను తలుచుకుని ఏడుస్తాడు. ఎక్కడి నుంచి తెచ్చావమ్మా ఆ ఏడుపు? డిసెంబరు 25న తిర్గోవిష్తె అనే ఊరి సైనిక శిబిరంలో జరిగిన విచారణ వీడియో ఉంది, గంటకు కాస్త అటూఇటూ. అందులో ఆయన మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట: ఈ కోర్టును నేను గుర్తించను, జాతీయ అసెంబ్లీ ముందు తప్ప ఎక్కడా జవాబు చెప్పను. జనం ఆకలి గురించి అడిగితే అబద్ధమంటాడు, తన హయాంలో జనం బాగానే బతికారంటాడు. తప్పు చేశానన్న నీడ కూడా ఆ మొహంలో పడదు. ఆయన నోట రాని మాటను నువ్వు ఆయన మనసులో పెడుతున్నావు. రచయితకు ఆ స్వేచ్ఛ ఉంది, కాదనను. కానీ నిజంగా జరిగినది నీ ఊహ కంటే భయంకరంగా ఉన్నప్పుడు ఊహకు పని చెప్పకు. పశ్చాత్తాపపడే నియంతను చూస్తే పాఠకుడికి ఊరట కలుగుతుంది. ఏమీ అర్థం కాకుండానే చచ్చిపోయే నియంతను చూస్తే నిద్ర పట్టదు.

జాలి వద్దని నేను అనడం లేదు. అదే వీడియోలో ఒక మూల రెండు చిన్న బల్లల వెనక వాళ్లిద్దరినీ కూర్చోబెట్టారు. ఆయన నల్లకోటులో, ఆమె బొచ్చు కాలరున్న కోటులో, తల చుట్టూ స్కార్ఫుతో. ఆమె విసుక్కుని ఏదో అనబోయినప్పుడల్లా ఆయన చెయ్యి ఆమె చేతి మీద పడుతుంది, ఊరుకో అన్నట్టు. 71 ఏళ్ల ముసలాయన, ఆయన కంటే రెండేళ్లు పెద్దదైన భార్య. చేతులు వెనక్కి విరిచి కట్టబోతే ఆమె సైనికుల మీద అరిచింది: సిగ్గు లేదా, తల్లిలా మిమ్మల్ని పెంచానే అని. నువ్వు ఈ మాటను కథలో వాడుకోలేదు. ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. ఆవిడ ఒట్టినే అనలేదు ఆ మాట, నమ్మి అంది. దాన్ని అలాగే పెట్టు, పక్కన వ్యాఖ్యానం రాయకు.

అయితే ఆ జాలి ఖరీదు ముందు కట్టాలి. డిసెంబరు 17న తిమిష్వారా అనే నగరంలో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. లాస్లో తోకేష్ అనే హంగేరియన్ మతబోధకుణ్ణి ఇంట్లోంచి గెంటేయబోతే చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడటంతో అంతకు ముందు రోజు మొదలైన గొడవ అది. కాల్పుల మరునాటి రాత్రి ఆసుపత్రి మార్చురీలోంచి 40కి పైగా శవాలను దొంగతనంగా బయటకు తీసి, మాంసం రవాణాకు వాడే ట్రక్కులో వందల కిలోమీటర్ల దూరంలోని బుకారెస్ట్‌కు తరలించి, శ్మశానంలో కాల్చేశారు. బూడిదను పొపెష్తి-లెయోర్దెని అనే ఊళ్లో మురుగు కాలువ మ్యాన్‌హోల్‌లో పోశారు. చనిపోయినవాళ్లే లేకపోతే చంపినవాళ్లూ ఉండరని లెక్క. చనిపోయినవాళ్ల అమ్మానాన్నలు మార్చురీ తలుపు కొడుతూ ఉన్న ఆ పూటే ఆయన అధికార పర్యటనకు ఇరాన్ విమానం ఎక్కాడు. నీ కథ 14 పేజీలు. తిమిష్వారాకు ఒక్క వాక్యం. ఆ ముసలిదంపతుల చేతుల గురించి రాసే హక్కు నీకు ఈ బూడిద దగ్గర ఆగిన తర్వాతే వస్తుందని నా నమ్మకం. ఇది నా మొండితనం అనుకున్నా సరే, దీని మీద నేను వెనక్కి తగ్గను.

పతనం గురించి రాసేటప్పుడు మనం ఎక్కువగా చేసేది, చివరి సీను దగ్గర నుంచి మొదలుపెట్టడం. పాపం పండింది, శిక్ష పడింది, కథ అయిపోయింది. పండటానికి ఎన్నేళ్లు పట్టిందో రాయం. చౌషెస్కు తెచ్చిన విదేశీ అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. దాన్ని పూర్తిగా తీర్చేయాలని పట్టుబట్టి, 1980లలో దేశంలో పండిన తిండిని బయటకు అమ్మించాడు. రొట్టె, నూనె, పంచదారకు రేషను. చలికాలంలో ఇళ్లకు వెచ్చదనం కోత, గదికో 40 వాట్ల బల్బు, టీవీ మామూలు రోజుల్లో రెండు గంటలు, అందులోనూ ఎక్కువగా ఆయనే. అదే సమయంలో రాజధాని నడిబొడ్డున పాత ఇళ్లూ చర్చిలూ కూలగొట్టి ప్రజాభవనం అనే బ్రహ్మాండమైన మేడ కట్టిస్తున్నాడు. అది పూర్తయ్యే దాకా ఆయన బతకలేదు. 1989 ఏప్రిల్‌లో అప్పు తీరిపోయిందని గొప్పగా ప్రకటించాడు. జనం చలి మాత్రం తగ్గలేదు.

ఇంకొకటి చెప్తాను, రాసేవాళ్లం కాబట్టి మనకు గట్టిగా తగులుతుంది. 1983లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో టైపు మిషన్ ఉంటే పోలీసు దగ్గర నమోదు చేయించాలి, దాని అక్షరాల నమూనా కాగితం మీద కొట్టి ఇవ్వాలి, ఏటా మళ్లీ ఇవ్వాలి. ఎక్కడైనా ఒక కరపత్రం దొరికితే ఏ ఇంటి మిషన్ మీద కొట్టారో పట్టుకోవడానికి. భయం అంటే ఏమిటో నువ్వు ఒక పేజీ నిండా విశేషణాలతో రాశావు. అవన్నీ కొట్టేసి, టైపు మిషన్‌ను చంకలో పెట్టుకుని స్టేషన్ వరండాలో లైన్లో నిలబడ్డ ఒక స్కూలు టీచరును రాయి. ఆవిడ చేత ఏమీ మాట్లాడించక్కర్లేదు.

బాల్కనీ ఘట్టం నీ కథలో అన్నిటికంటే బాగుంది, ఇంకా పెంచు. డిసెంబరు 21 మధ్యాహ్నం, బుకారెస్ట్‌లో ఆయన బాల్కనీ నుంచి ప్రసంగించిన సభ. ఫ్యాక్టరీల నుంచి బస్సుల్లో తోలుకొచ్చిన జనం, చేతికిచ్చిన బ్యానర్లు, అలవాటైన చప్పట్లు. మాట్లాడుతుండగా ఎక్కడో వెనక నుంచి అరుపులు. ఆయన కుడిచెయ్యి ఎత్తి అలాగే ఉండిపోతాడు. ఫోను లైను కలవనప్పుడు అన్నట్టు మైకులో 'అలో, అలో' అంటాడు. పక్కన భార్య సర్దుకుని నిలబడండి అంటూ జనాన్ని గదమాయిస్తుంటుంది. కాసేపటికి టీవీ ప్రసారం ఆగి, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు ఆయన ఏం చేశాడు? కనీస జీతం 2000 లేయి (అక్కడి డబ్బు) నుంచి 2200 లేయికి పెంచుతున్నానని ప్రకటించాడు. తిమిష్వారా శవాల వార్త రేడియోల్లో దొంగచాటుగా విని వచ్చిన జనానికి 200 లేయి! ఆ మనిషి జనాన్ని ఏమనుకున్నాడో ఇంతకంటే ఏం కావాలి నీకు? ఆ మైదానంలో అరిచిన కుర్రాళ్లలో చాలామందికి 22 ఏళ్లలోపే. 1966లో ఆయన గర్భస్రావాన్ని నిషేధించాడు, మరుసటి ఏడు జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆయన ఉత్తర్వుతో పుట్టినవాళ్లే పెద్దవాళ్లై ఆ అరుపులు అరిచారు. ఆ ఉత్తర్వు వల్ల చాటుమాటు గర్భస్రావాల్లో ప్రాణాలు పోయిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఒకరి కొడుకునైనా ఆ గుంపులో నిలబెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నీ కథకు ముఖ్యపాత్ర చౌషెస్కు కాదేమోనని నా అనుమానం. విక్టర్ స్తెంకులెస్కు అనే జనరల్ ఉన్నాడు. తిమిష్వారాకు పంపిన సైనికాధికారుల్లో ఒకడు. 22 తెల్లవారుజామున బుకారెస్ట్ తిరిగొచ్చి, ఆసుపత్రికి వెళ్లి, బాగున్న కాలికి పిండికట్టు వేయించుకున్నాడు, ఎవరూ ఏ బాధ్యతా అప్పజెప్పకుండా. ఆ ఉదయమే రక్షణ మంత్రి తుపాకీ గుండుకు చనిపోవడంతో ఈ పిండికట్టు మనిషినే పిలిపించి సైన్యాన్ని చేతిలో పెట్టారు. ఆయన చౌషెస్కులను హెలికాప్టరెక్కి వెళ్లిపొమ్మన్నాడు. మూడు రోజుల తర్వాత వాళ్లను విచారించే ఏర్పాట్లు చేసిందీ ఆయనే. ఆ గదిలో కూర్చుని చూసిందీ ఆయనే. 2008లో తిమిష్వారా కాల్పులకు ఆయనకు 15 ఏళ్ల శిక్ష పడింది. ఒక వారంలో ఒకే మనిషి ఇన్ని వేషాలు వేశాడంటే, నియంత పతనం గురించి మనం అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ పిండికట్టు చుట్టూనే ఉన్నాయి. నువ్వు ఆయన్ని రెండు చోట్ల 'ఒక జనరల్' అని వదిలేశావు.

పారిపోయిన ఘట్టాన్ని కుదించు. పార్టీ కార్యాలయం మేడ మీద నుంచి లేచిన హెలికాప్టరు, రాడార్లో పడ్డామని చెప్పి రోడ్డు పక్కన దింపేసిన పైలట్, దారిలో ఆపి ఎక్కిన డాచియా కార్లు, చివరికి ఒక వ్యవసాయ సంస్థలో గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టేయడం: ఇవి సినిమాలా ఉంటాయి, అందుకే పాఠకుడు వీటి వెంట పరిగెత్తి మిగతాది మర్చిపోతాడు. నువ్వు నాలుగు పేజీలు ఇచ్చావు. ఒకటి చాలు.

విచారణ దగ్గర మాత్రం నీకు ధైర్యం కావాలి. నియంత మీద ఎంత కోపం ఉన్నా, అది న్యాయం కాదని రాయగలగాలి. నేరపత్రంలో 60,000 మందిని చంపారని ఆరోపించారు. ఆ విప్లవంలో మొత్తం చనిపోయినవాళ్లు 1,100 పైచిలుకు. అందులోనూ ఎక్కువమంది ఆయన పారిపోయిన తర్వాత, ఎవరు ఎవరి మీద కాలుస్తున్నారో తెలియని ఆ గందరగోళంలో పోయారు. నీ కథలోనూ 60,000 అనే ఉంది. దయచేసి తీసెయ్. హంతకుడి గురించైనా సరే, అబద్ధపు లెక్క చెబితే నిజంగా చనిపోయినవాళ్లు ఆ లెక్కలో కొట్టుకుపోతారు. చౌషెస్కు దంపతుల తరఫు లాయరు ముందు పిచ్చి ఉందని చెప్పుకోమని సలహా ఇచ్చాడు, వాళ్లు మండిపడ్డారు. తర్వాత ఆ లాయరే లేచి తన కక్షిదారులు దోషులేనని వాదించాడు. తీర్పు చెప్పిన సైనిక న్యాయమూర్తి 1990 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. కాల్చడం ఎంత తొందరగా జరిగిందంటే కెమెరా మనిషి వచ్చేసరికే తుపాకులు పేలిపోయాయి, రికార్డులో దాదాపు పొగే మిగిలింది. ఆ తర్వాత రెండు వారాలకే దేశంలో మరణశిక్ష రద్దు చేశారు.

ఎవరి కోసం అంత తొందర? బతికి ఉంటే ఆయన మీద నెలల తరబడి విచారణ జరిగేది. ఎవరు ఉత్తర్విచ్చారు, ఎవరు చేతులు కట్టుకుని అమలు చేశారు, ఎవరు ఫైళ్లు మోశారు, అన్నీ పేరుపేరునా బయటపడేవి. కొత్త ప్రభుత్వంలో కూర్చున్నవాళ్లలో చాలామంది నిన్నటి దాకా చౌషెస్కు కమ్యూనిస్టు పార్టీ మనుషులే. కొత్త అధ్యక్షుడైన ఇయోన్ ఇలియెస్కు మీద డిసెంబరు 22 తర్వాతి మరణాలకు 2018లో అభియోగాలు మోపారు. తీర్పు రాకుండానే 2025లో ఆయన కన్నుమూశాడు. బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లకు 35 ఏళ్లు దాటినా జవాబు రాలేదు. చౌషెస్కు చావు వాళ్లకు న్యాయం చేయలేదని, వాళ్లకు రావాల్సిన న్యాయాన్ని అడ్డుకుందని నేను గట్టిగా నమ్ముతాను. దీన్ని నువ్వు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, కానీ ఒప్పుకోనప్పుడు కూడా ఆ ఇళ్ల వైపు ఒకసారి చూసి రాయి.

సమాధి ఘట్టం చివర్లో ఉంచాలా వద్దా అని అడిగావు. దొంగపేర్ల శిలువల కింద పాతిపెట్టడం, 2010లో తవ్వి తీసి డీఎన్ఏ పరీక్షతో ఆయనే అని తేల్చడం ఆసక్తిగానే ఉంటాయి. కానీ అది పెడితే కథ మళ్లీ ఆయన శరీరం దగ్గరే ఆగిపోతుంది. నేనైతే పెట్టను. పొపెష్తి-లెయోర్దెనిలో బూడిద పోసిన చోటును, ఆ బూడిదలో తమవాళ్లు ఉన్నారని చాలా రోజుల తర్వాత తెలుసుకున్న ఒక కుటుంబాన్ని తీసుకుని ఇంకో నాలుగు పేజీలు రాయడానికి ప్రయత్నిస్తాను. మొదటి రాతలో కుదరకపోవచ్చు, తొందరపడకు. విచారణ వీడియోను మాటలు ఆపేసి, బొమ్మ మాత్రమే ఒకసారి చూడు. చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలు గమనించి, గుర్తున్నవి ఒక కాగితం మీద రాసుకో. కథ తిరగరాసే ముందు ఆ కాగితమే నాకు పంపు. దాని మీద మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాష్టారు