వెనక కిటికీ జాగ్రత్తరా చిన్నా

ఒరేయ్ చిన్నా,

నువ్వు కారు కొన్న సంగతి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వే చెప్పి ఉంటే బాగుండేది, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. మాజ్డా ఎమ్ఎక్స్-5, అందులోనూ హెడ్‌లైట్లు లేచి నిలబడే మొదటి రకం అని వినగానే నేనూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మేము పదకొండేళ్లు నడిపిన కారు అదేరా! 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి చూపించారు, 1997 దాకా ఆ రకం తయారైంది. అంటే చూడ్డానికి చిన్నగా ఉన్నా అది వయసులో నీకంటే పెద్దది. పెద్దవాళ్ల దగ్గర ఎలా మసలుకోవాలో నీకు చెప్పే పెంచాం కదా.

గర్వంగా ఉంది. అది ముందు రాసేశాను కాబట్టి ఇక తిట్లు మొదలుపెడతాను.

నువ్వు మీ అమ్మకి పంపిన వీడియో ఆవిడ నాకూ పంపింది. నల్ల కళ్లద్దాలు, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చేత్తో టాప్‌ని, అదే ఆ కారుకి మడిచి దించే గుడ్డ పైకప్పుని, దుప్పటి విసిరినట్టు వెనక్కి విసరడం. అందరూ నీ మొహం చూసి ఉంటారు, నేను మాత్రం వెనక కిటికీ చూశాను. దాన్ని టాప్‌కి కలిపి ఉంచే జిప్ తీయలేదు నువ్వు. ఆ ప్లాస్టిక్ తనకి తోచిన చోట మడత పడింది, దాని మీద టాప్ బరువంతా కూర్చుంది. మూడుసార్లు ఆపి ఆపి చూశాను. ఆ రోజు ఎండగా ఉన్నట్టుంది, బతికిపోయావు. ఇప్పుడేమో తెల్లవారుజామున బయలుదేరి, టాప్ తీసేసి, కొండ రోడ్డు ఎక్కుతావట. ఆ చలిలో! అందుకే పడుకోకుండా ఇది రాస్తున్నాను, బయలుదేరే లోపు చదువు.

ముందు ఆ కిటికీ ఏమిటో తెలుసుకో. అది గాజు కాదు, పారదర్శకంగా చేసిన పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీ పుట్టుకతో గట్టిది, వంగడం కోసం అందులో మెత్తదనం ఇచ్చే రసాయనాలు కలుపుతారు. ఎండకీ ఏళ్లకీ అవి మెల్లమెల్లగా బయటికి పోతాయి, కిటికీ పసుపెక్కుతుంది, మసకబారుతుంది, పెళుసవుతుంది. చలేస్తే కొత్త కిటికీ కూడా అట్టలా బిగుసుకుంటుంది. పాతదైతే ఇక చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం గుడ్డలా వంగిన కిటికీ తెల్లవారుజామున విరుగుతుంది. నేను విరిచాను కాబట్టి చెబుతున్నాను.

మా ఆ కారు రోజుల్లో ఒకసారి మీ మామయ్య నాలుగు రోజులు ఊళ్లో లేడు. తిరిగొచ్చే రోజు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి నేనే తీసుకురావాలి. అప్పటికి నేను డ్రైవింగ్ నేర్చుకుని ఆరు నెలలు కూడా కాలేదు. ఆయన ముందు టాప్ దించుకుని దర్జాగా వెళ్లి ఆగాలని నాకు మహా కోరిక. ఆయన టాప్ దించడం వందసార్లు చూశాను. ప్రతిసారీ సీట్లో వెనక్కి తిరిగి, జిప్ నెమ్మదిగా లాగి, కిటికీని పసిపిల్లని పడుకోబెట్టినట్టు వెనక అరమీద పడుకోబెట్టి, పైన మెత్తటి గుడ్డ కప్పేవాడు. ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని. ఆదివారాలు ఆ కిటికీకి ప్లాస్టిక్ పాలిష్ రాస్తూ కూర్చుంటే, నా మొహంకేసి కూడా ఇంతసేపు చూసి ఉండవు అని ఎద్దేవా చేసేదాన్ని.

ఆ రోజు కారు రాత్రంతా బయటే ఉంది. ముందు అద్దం మీద మంచు గీకి మరీ బయలుదేరాను. అద్దం మీద మంచు ఉందంటే ఆ ప్లాస్టిక్ ఎంత బిగుసుకుని ఉంటుందో ఆలోచించలేదు. టాప్‌ని ముందు అద్దం పై అంచుకి పట్టి ఉంచే రెండు గొళ్లాలూ విప్పాను, టాప్ వెనక్కి తోశాను. సగంలో ఆగింది. అక్కడ నేను కూడా ఆగి ఉంటే ఇప్పుడు నీకు ఇంత రాసే పని ఉండేది కాదు. రైలు టైమైపోతోంది. సీటు మీద మోకాళ్లేసి, రెండు చేతులతో నా బరువంతా వేసి నొక్కాను. టక్‌మంది. పెద్ద చప్పుడు కూడా కాదురా, ఎండుపుల్ల విరిచినట్టు. ఫ్రేములో ఏదో సర్దుకుందిలే అనుకున్నాను. వెనక్కి తిరిగి ఒక్కసారి చూద్దామని కూడా అనిపించలేదు. హీటర్ పెట్టుకుని, మఫ్లర్ గాలికి ఎగురుతూ ఉంటే, పాటలు పాడుకుంటూ వెళ్లాను. ఆ పది నిమిషాలూ బాగున్నాయని ఒప్పుకోవాలి.

మీ మామయ్య బ్యాగు పట్టుకుని వచ్చాడు. నన్ను చూడలేదు, మడత పడిన టాప్ వైపు చూశాడు. "జిప్ తీశావా?" అన్నాడు. ఎలా ఉన్నావు లేదు, చలిగా లేదా లేదు. నేను సమాధానం వెతుక్కునే లోపే టాప్ పైకి ఎత్తాడు. కిటికీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీలి ఉంది, మధ్యలో ఒక ముక్క మూడు మూలల బిళ్లలా సీటు వెనక పడి ఉంది. ఆయన ఆ ముక్కని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలియదు, అతికించుకుందామనా?

ఆయనేదో మహానుభావుడిలా "పోనీలే, నీకేం కాలేదు కదా" అన్నాడనుకునేవు. ఏం కాదు. మూడు రోజులు మాట్లాడలేదు. ఒక ప్లాస్టిక్ ముక్క కోసం పెళ్లాంతో మాట్లాడని మనిషి అని మీ నాన్నకి ఫోన్ చేసి ఏడ్చాను, వాడు నవ్వాడు. వాడికి నవ్వే హక్కేముంది, చిన్నప్పుడు ఏ గొడుగూ నెల దాటి బతకనిచ్చేవాడు కాదు. బటన్ నొక్కకుండా ఊచల్ని లాగి మూసేవాడు. ఆ చేతులే నీకూ వచ్చాయేమోనని నా భయం.

ఆ చలికాలమంతా వెడల్పాటి టేపు అంటించుకుని తిరిగాం. టేపు అంచుల్లోంచి గాలి సన్నగా వచ్చి సరిగ్గా మెడ మీదే తగిలేది. రాత్రిపూట అద్దంలో చూస్తే వెనక వచ్చే బండ్ల లైట్లు టేపులోంచి చెదిరిపోయి, ఒక బండి వస్తోందా మూడొస్తున్నాయా తెలిసేది కాదు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది అదే. అందుకే నీ కిటికీ కొంచెం చీలినా టేపుతో కాలం గడిపేయకు. ఎండలు వచ్చాక కొత్త కిటికీ తెప్పించాడు మీ మామయ్య. బిగించేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కింది అంచు పొడవునా వరసగా ఉన్న చిన్న చిన్న నట్లన్నీ నాతోనే తిప్పించాడు. శిక్ష అనుకున్నాను. సగం పూర్తయ్యేసరికి ఇద్దరం నవ్వుకుంటున్నాం, టార్చి పట్టుకున్నది ఆయన, తిట్టేది నేను. తర్వాత ఒక ఏడాది పెళ్లి రోజు మర్చిపోయానేమో గానీ జిప్ మర్చిపోలేదు.

సరే, పని ఎలా చేయాలో చెబుతాను. కారు చదునైన చోట ఆపు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హీరోలా టాప్ దించే పని అస్సలు పెట్టుకోకు. వెనక అర ఖాళీ చెయ్యి, పెన్ను, తాళంచెవి, చార్జర్ ఏదీ ఉండకూడదు. చిన్న పెన్ను మూత చాలు, టాప్ దాని మీద కూర్చుంటే కిటికీకి జీవితాంతం మచ్చ.

ముందు రెండు గొళ్లాలూ విప్పి టాప్ ముందు అంచుని కాస్త పైకి లేపు. అప్పుడు గుడ్డ బిగువు తగ్గి జిప్ సులువుగా కదులుతుంది. బిగువు మీద ఉన్న జిప్‌ని లాగితే పళ్లు పోతాయి, అది ఇంకో తలనొప్పి. ఒక చేత్తో జిప్ లాగుతూ ఇంకో చేత్తో కిటికీని పట్టుకో, దానంతటది ధబ్‌మని పడకూడదు. అర మీద మెత్తటి గుడ్డ పరిచి దాని మీద చదునుగా పడుకోబెట్టు. ఎక్కడా మడత లేదని అరచేత్తో తడిమి చూడు. పైన ఇంకో గుడ్డ కప్పు, ఫ్రేము రాసుకోకుండా ఉంటుంది. అప్పుడు టాప్‌ని రెండు చేతులతో మధ్యలో పట్టుకుని కిందికి తీసుకెళ్లు, విసరకు. మడిచేటప్పుడు ఫ్రేము కీళ్లు కత్తెరలా మూసుకుంటాయి, వేళ్లు జాగ్రత్త. ఎక్కడైనా ఆగితే నొక్కకు, మళ్లీ పైకి లేపి ఏం అడ్డుపడిందో చూడు.

మూసేటప్పుడు ఇదే తిరగేసి: టాప్ పైకి తెచ్చి గొళ్లాలు తగిలించు కానీ బిగించకు, జిప్ మొత్తం వేశాక అప్పుడు బిగించు. జిప్ మొదట్లో రెండు వైపులా సమానంగా పట్టిందో లేదో చూసుకో. పక్కనుంచి మీ మామయ్య "కొవ్వొత్తి సంగతి రాయి" అంటున్నాడు. జిప్ పళ్ల మీద అప్పుడప్పుడు కొవ్వొత్తి రుద్దితే నున్నగా నడుస్తుంది. ఆయన వేళ్ల కణుపులు ఇప్పుడు బిగుసుకుపోయాయి, జాకెట్ జిప్ కూడా నేనే వెయ్యాలి, కానీ సలహాలకి మాత్రం లోటు లేదు.

ఇక చలి సంగతి. నా కారు, నా మాట అయితే 15 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఆ టాప్ ముట్టుకోను. నువ్వు వినవని తెలుసు. కనీసం టాప్ వేసి ఉంచే బయలుదేరు, హీటర్ పెట్టుకుని ఒక పావుగంటో ఇరవై నిమిషాలో నడుపు, తర్వాత ఆపి కిటికీని వేలితో నొక్కి చూడు. వేలు వంచినట్టు మెత్తగా వంగితే దించు, అట్టలా ఎదురుతిరిగితే ఎండ వచ్చేదాకా ఆగు. వేడినీళ్లు పోయడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం లాంటి తెలివితేటలు వద్దు. దాని మీద మంచు పడితే గీకకు, లోపలి వెచ్చదనానికి కరగనివ్వు.

తడిగా ఉన్న టాప్ కూడా మడవకు. లోపల తేమ చిక్కుకుని బూజు పడుతుంది, కిటికీ మబ్బు పడుతుంది. దుమ్ము ఉన్న కిటికీని పొడిగుడ్డతో తుడవకు, ఇసుకకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు ధారాళంగా పోసి దుమ్ము పోనిచ్చి, మెత్తటి తడిగుడ్డతో ఒకే దిశలో తుడువు. గాజు తుడిచే మందుల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, అది దీనికి పనికిరాదు. కాగితం కూడా వద్దు.

నీ స్నేహితుడి దగ్గర పాత పోర్షా బాక్‌స్టర్ ఉందని చెప్పింది మీ అమ్మ. దాని కిటికీ కూడా ప్లాస్టిక్కే, 2003 మోడల్ నుంచే గాజు వచ్చింది. దానికి ఈ జిప్ పద్ధతి కాదు, మోటారుతో సగం దించి ఆపి, కిటికీ మధ్యలో అరచేతి అంచుతో లోపలికి నొక్కితే సరైన చోట మడత పడుతుంది. బీఎమ్‌డబ్ల్యూ జెడ్3 కారు ఉన్నవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. వాడు అలా చేస్తున్నాడు కదా అని నువ్వు నీ దానికి చెయ్యకు, నీకు జిప్ ఉంది. వాడికి మాత్రం చెప్పు, చాలామందికి ఇది తెలియక కిటికీలు పోగొట్టుకుంటారు.

వీడియోలో పడిన మడత ఇంకా గీతలా కనిపిస్తోందా? కనిపిస్తే టాప్ వేసి, బాగా బిగించి, రెండు మూడు రోజులు ఎండలో ఉంచు. కొంత సర్దుకుంటుంది, మొత్తం పోకపోవచ్చు. టాప్ దించి వారాల తరబడి అలాగే వదిలెయ్యడం మాత్రం వద్దు, ఏ చిన్న ముడత ఉన్నా అలాగే నిలిచిపోతుంది. ఎప్పుడైనా టాప్ మొత్తం మార్చాల్సి వస్తే గాజు కిటికీ ఉన్నది తీసుకోమంటాడు మీ మామయ్య. నాకు ఇష్టం లేదు, అందులోంచి చూస్తే వెనక లోకం మరీ స్పష్టంగా ఉంటుంది. కానీ ఆయన మాటే విను, రాత్రిళ్లు నడుపుతావు కదా.

రెండు పాత ఫ్లానెల్ గుడ్డలూ ఒక కొవ్వొత్తి ముక్కా పార్సెల్ చేస్తున్నాను. గుడ్డలు ఉతికినవే. వాటితో బూట్లు తుడిచావని తెలిస్తే ఊరుకోను. బయలుదేరే ముందు ఇంటి దగ్గరే, పగటిపూట, ఎవరూ చూడకుండా ఒక నాలుగుసార్లు దించి ఎత్తి చూసుకో. కొండ మీదికి చేరాక ఫోటో పంపు. నీ కళ్లద్దాల ఫోటో వద్దు, అది మీ అమ్మకి పంపుకో. నాకు టాప్ వేసి ఉన్నప్పుడు కారు వెనక నుంచి తీసింది కావాలి, కిటికీ మొత్తం కనిపించేలా.

మీ అత్తయ్య