కన్ఫర్మేషన్ తరగతిలో యేసు ఎవరో చెప్పబోయే అమ్మాయికి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బిషప్పుగారు వచ్చేలోగా పిల్లలను, బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్‌కు సిద్ధపరచే బాధ్యత పాస్టరుగారు నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. యేసు ఎవరన్న పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఈ తరగతులు చాలా ఏళ్లు నడిపినవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను. పాపక్షమాపణ, ప్రార్థన, ప్రభువు బల్ల, నిత్యజీవం అన్నీ ఆయన ఎవరన్న దానిమీదే ఆధారపడి ఉన్నాయి కనుక, సమయం చాలకపోతే తక్కిన పాఠాలను కుదించు గాని దీనిని కుదించకు.

నిర్వచనాలతో మొదలుపెట్టవద్దు. "ఆయన సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు" అన్న వాక్యాన్ని పిల్లలు అరగంటలో కంఠస్థం చేస్తారు, అయితే అది పెదవుల దగ్గరే ఆగిపోతుంది. మొదట మార్కు సువార్త తెరువు. పదహారు అధ్యాయాలే కాబట్టి ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం బిగ్గరగా చదివేయవచ్చు. ఆ సువార్త నడకే నీకు కావలసిన పాఠం. మొదటి సగమంతా చుట్టూ ఉన్నవారు "ఈయన ఎవరు?" అని ఆశ్చర్యపోతూనే ఉంటారు. ఎనిమిదవ అధ్యాయంలో ఫిలిప్పుదైన కైసరయ పరిసరాలలో యేసే శిష్యులను ఆ ప్రశ్న అడుగుతాడు, పేతురు "నీవు క్రీస్తువు" అంటాడు. ఆ వెంటనే యేసు తాను శ్రమపడి చంపబడవలసి ఉందని చెప్పడం మొదలుపెడతాడు, పేతురు దానిని ఒప్పుకోలేకపోతాడు. చివరకు ఆయనను దేవుని కుమారుడని ఆ సువార్తలో తొలిసారి ఒప్పుకున్న మనిషి సిలువకు ఎదురుగా నిలబడిన రోమా శతాధిపతి. ఆయనెవరో సిలువ దగ్గరకు రానిదే తెలియదని మార్కు ఈ క్రమంతోనే చెబుతున్నాడు. ఈ క్రమాన్ని పిల్లలు తమంతట తాము కనిపెట్టేలా ప్రశ్నలు వేయి, జవాబు నీవే చెప్పేయకు.

అందులో ఒక్క సంఘటన దగ్గర మాత్రం తొందరపడకుండా ఆగు. నాలుగవ అధ్యాయంలో తుఫాను లేచి, అలలు దోనెలోకి కొట్టి, నీళ్లు నిండుతుండగా యేసు దోనె వెనుక భాగాన తలగడమీద నిద్రపోతున్నాడు. పగలంతా జనసమూహానికి బోధించిన మనిషి ఆ గాలివానకు కూడా మెలకువ రానంతగా నిద్రపోయాడు. తలగడ సంగతి కూడా మార్కు విడిచిపెట్టలేదు. ఆ మనిషే లేచి గాలిని గద్దించాడు, సముద్రం నిమ్మళించింది. శిష్యులకు తుఫానులో కలిగిన భయం కంటె అది ఆగిన తరువాత కలిగిన భయమే ఎక్కువ, ఎందుకంటే సముద్రపు పొంగును అణచేవాడు దేవుడని కీర్తనలు పాడుతూ పెరిగినవారు వాళ్లు. నిద్రపోయినవాడు వేరొకరు, గాలిని గద్దించినవాడు వేరొకరు కాదు. ఇద్దరూ ఒక్కరే అన్నది పిల్లలకు ఇక్కడ తెలిసినంత స్పష్టంగా ఏ నిర్వచనంలోనూ తెలియదు.

మన సంఘాలలో ఆయన దేవుడని చెబితే ఎవరూ అభ్యంతరపెట్టరు. ఆయన నిజంగా మనిషి అన్నదే చాలామందికి మింగుడుపడదు. అలసట, ఆకలి, కన్నీళ్లు ఆయనకు పైపైనే ఉన్నాయని, లోపల ఏమీ తాకలేదని అనుకుంటారు. ఇది చిన్న పొరపాటు కాదు. స్నేహితుడైన లాజరు సమాధి దగ్గర ఆయన నిజంగా ఏడవకపోతే, సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో నిజంగా కలత చెందకపోతే, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు. "సమస్తవిషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని హెబ్రీ పత్రిక చెప్పిన మాటను ఈ వైపు నుండి కూడా బోధించు.

మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని బాగుచేసిన ఘట్టం మన పిల్లలకు తప్పక చెప్పు. ఒక్క మాటతో స్వస్థపరచగలిగినవాడు ముందు చెయ్యి చాపి అతనిని ముట్టాడు. ఎవరూ ముట్టని మనిషిని ముట్టిన ఆ చెయ్యి దేవుని చెయ్యి అని మనం నమ్ముతున్నాం. మన తాతముత్తాతలలో చాలామంది ఊరి బావి దగ్గరికి రానివ్వని పేటల నుండి వచ్చినవారే కాబట్టి, ఈ సిద్ధాంతం వారికి పుస్తకంలోని విషయంగా అనిపించలేదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్యగారి సేవలో సంఘంలో చేరినవారు అధికభాగం మాల మాదిగ కుటుంబాలవారు. దేవుని కుమారుడు మానవ శరీరాన్ని ధరించాడంటే ఏ మానవ శరీరమూ అంటరానిది కాదు. ఇది నమ్మిన సంఘంలో ప్రభువు బల్ల దగ్గర కులం చూసేవారు తాము ఒప్పుకున్న విశ్వాసాన్నే కాదంటున్నారని పిల్లలకు మొహమాటం లేకుండా చెప్పు.

సువార్త తరువాత, ఆరాధనలో మనం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణానికి రా. అందులో యేసుకు మరణశిక్ష విధించిన రోమా అధిపతి పొంతి పిలాతు పేరు ఎందుకుందని పిల్లలను అడుగు. మన రక్షణ ఎప్పుడో, ఎక్కడో జరిగిన కథ కాదని, తిబెరి కైసరు ఏలుబడిలో, యూదయలో, ఒక అధిపతి తీర్పు కింద జరిగిందని ఆ పేరు సాక్ష్యం చెబుతుంది. 1961లో సముద్రతీర కైసరయలోని పాత రంగస్థలం దగ్గర పిలాతు పేరు చెక్కిన రాయి తవ్వకాలలో బయటపడింది. ఆ మాట చెబితే పెద్ద పిల్లల చూపు మారుతుంది.

ఈ విశ్వాసాన్ని తేల్చి చెప్పిన బిషప్పుల కూటమైన నీకయ సభను గురించి క్లుప్తంగా చెబితే చాలు. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టింపబడినవాడేనని అలెగ్జాండ్రియాలో అరియస్ బోధించగా, 325లో నీకయలో కూడిన బిషప్పులు కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ఒప్పుకున్నారు. ఆ విశ్వాసం కోసం ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించిన అథనాసియస్ వాదన నాకు ఈనాటికీ బలమైనదిగా తోస్తుంది: సృష్టింపబడినవాడు మనలను దేవునితో ఏకం చేయలేడు. 451లో కల్కెదోను సభ, ఆయన నిజంగా మనిషి అన్న రెండవ వైపును కాపాడింది. ఒకే వ్యక్తిలో దైవత్వం, మానవత్వం ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా, ఒకదాని నుండి ఒకటి విడిపోకుండా ఉన్నాయని అది చెప్పింది.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వం గురించి అడిగితే నీరు, మంచు, ఆవిరి పోలిక వాడకు. ఒకే దేవుడు మూడు వేషాలు మార్చుకున్నాడని ఆ పోలిక నేర్పుతుంది. యొర్దాను నదిలో బాప్తిస్మం పొంది కుమారుడు నీళ్లలో నుండి వస్తుండగానే ఆత్మ దిగివచ్చాడు, తండ్రి స్వరం వినిపించింది. ఆ వాక్యభాగం చదివించి, అర్థమైనంతవరకు చెప్పి ఆపు.

సిలువను, పునరుత్థానాన్ని విడదీసి రెండు పాఠాలు చేయకు. యేసు కేవలం మంచి మనిషి అయితే ఆయన మరణం ఒక నీతిమంతునికి జరిగిన అన్యాయం, అంతే. ఆయన మనిషే కాకపోతే మన చావు ఆయన చావలేదు. దేవుడే మనిషై మన పాపభారం మోశాడు గనుక క్షమాపణ విషయంలో సందేహం అక్కరలేదు. "క్రీస్తు లేపబడియుండనియెడల" మన విశ్వాసం వ్యర్థమని పౌలు తానే రాశాడు. లేచినవాడు ఆత్మగా తేలిపోలేదు, గాయాలున్న చేతులు చూపించాడు, శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడు. పని ముగిశాక మానవత్వాన్ని విడిచిపెట్టి వెళ్లలేదు. తండ్రి కుడిపార్శ్వమున ఈనాటికీ ఒక మనిషి ఉన్నాడు. స్మశానంలో నిలబడి మనం మాట్లాడే ధైర్యం ఇక్కడి నుండే వస్తుంది.

స్వస్థత కూటాలకు మాత్రమే వెళ్లి వచ్చిన పిల్లలు కొందరు ఉంటారు. జ్వరం తగ్గించేవాడిగా, ఉద్యోగం ఇప్పించేవాడిగా తప్ప వారికి యేసు తెలియడు. వారిని నొప్పించకు. ఆయన రోగులను నిజంగానే బాగుచేశాడు. అయితే అడిగినది దొరకని రోజున కూడా ఆయన ప్రభువేనని వారు తెలుసుకోవాలి. తరగతిలో హిందూ, ముస్లిం స్నేహితులను గురించి ప్రశ్నలు వస్తే, ఎవరి విశ్వాసాన్నీ తక్కువ చేయకుండా, మనం ఏమి నమ్ముతున్నామో, ఎందుకు నమ్ముతున్నామో మాత్రం తేటగా చెప్పు.

చివరి తరగతిలో రాతపరీక్ష వద్దు. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, యేసు నీకు ఎవరని అడిగి, వారి సొంత మాటల్లో చెప్పనివ్వు. తడబడినా పరవాలేదు. "ఇంకా నాకు తెలియడం లేదు అక్కా" అని ఎవరైనా నిజాయితీగా అంటే, బిషప్పుగారి తేదీ దగ్గరపడిందని ఆ బిడ్డను తొందరపెట్టకు. పాస్టరుగారితో మాట్లాడి వచ్చే ఏడాదికి ఉంచు, ఈలోగా ఆ బిడ్డతో కలిసి యోహాను సువార్త చదువు.

నీకోసం ప్రార్థిస్తూ,
పెదనాన్న