పాత ట్యూబులైటు చోకు ఎందుకు మాడుతుంది?

ప్రశ్న: మా ఇంట్లో ముప్పై ఏళ్ళ నాటి నాలుగడుగుల ట్యూబులైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ఈ మధ్య ఒకదాని చోకు మోత పెట్టి, బాగా వేడెక్కి, మాడు వాసన వచ్చింది. దాని స్థానంలో వేసిన ఎలక్ట్రానిక్ చోకు ఏడాది తిరగకుండానే పోయింది. పాత రాగి చోకులే మేలా, లేక అన్నింటినీ మార్చేయాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ట్యూబులోకి పారే కరెంటును అదుపుచేసే ఈ రాగి చోకులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. పలుచని ఉక్కు రేకుల దొంతర మీద ఎనామిల్ పూత ఉన్న రాగితీగ చుట్ట, అంతే. ఆ పూతను తినేసేది వేడి. చోకు మీద ‘టీడబ్ల్యూ 130’ అని ముద్రించి ఉంటే, లోపలి చుట్ట 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదేళ్ళు నిర్విరామంగా పనిచేసేలా తయారైందని అర్థం. రోజుకు కొన్ని గంటలే, అంతకంటే తక్కువ వేడిలో వెలిగే ఇంటి చోకు ముప్పై ఏళ్ళు నిలవడంలో వింత లేదు. ఆ హద్దు మీద పది డిగ్రీలు పెరిగితే మాత్రం ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ఆ అదనపు వేడికి మూలం సాధారణంగా చోకులో ఉండదు, ట్యూబులోనో స్టార్టరులోనో ఉంటుంది. స్టార్టరు అతుక్కుపోయినప్పుడు ట్యూబు రెండు కొసలూ ఎర్రగా కాలుతూ మధ్యభాగం చీకటిగా ఉంటుంది. ఆ స్థితిలో చోకు గుండా మామూలు కంటే ఎక్కువ కరెంటు ఆగకుండా పారుతుంది. ట్యూబు ఒక కొసలోని ఫిలమెంటు అరిగిపోతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం: కరెంటు ఒక దిశలోనే సులువుగా పారడం వల్ల ఉక్కు దొంతర అయస్కాంతత్వంతో నిండిపోయి, కరెంటును అదుపుచేసే శక్తినే చోకు కోల్పోతుంది. మినుకుమినుకుమనే ట్యూబును ‘ఇంకొన్నాళ్ళు వస్తుందిలే’ అని వారాల తరబడి వదిలేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. నా దృష్టిలో చోకులకు అసలు శత్రువు అదే.

మోత ఒక్కటే అయితే భయం లేదు. 50 హెర్ట్జ్ కరెంటుకు రేకులు సెకనుకు వందసార్లు అదురుతాయి, బిగింపు వదులైతే ఆ చప్పుడు పెరుగుతుంది. మాడు వాసన వచ్చినా, తారులాంటి నల్లటి పదార్థం కారినా ఆ చోకును మళ్ళీ వాడకూడదు. ట్యూబు ఉన్నట్టుండి మునుపటికంటే కాంతిగా వెలుగుతూ, కొసలు త్వరగా నల్లబడుతుంటే, చుట్టలో కొన్ని వరుసలు షార్టయ్యాయేమోనని అనుమానించాలి.

ఎలక్ట్రానిక్ చోకు తక్కువ వోల్టేజీలోనూ వెలిగిస్తుంది, విద్యుత్తును తక్కువగా వృథా చేస్తుంది. అయితే అందులో విద్యుత్తును కాసేపు నిలవచేసే, లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు వేడికి ఎండిపోతుంది, ట్రాన్సిస్టర్లు వోల్టేజీ పోటుకు కాలిపోతాయి. అరిగిన ట్యూబు నుంచి కాపాడుకునే ఏర్పాటు చవకరకాల్లో తరచుగా ఉండదు. మీరు చోకును మాత్రమే మార్చి పాత ట్యూబునే ఉంచి ఉంటే, కొత్తది పోవడానికి అదే కారణం కావచ్చు.

మాడిన ఫిట్టింగుకు ఇక మరో చోకు కొనవద్దు. 40 వాట్ల ట్యూబు రాగి చోకుతో కలిసి 50 వాట్లకు పైగా తీసుకుంటే, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఆ గదికి సాధారణంగా సరిపోతుంది. పాదరసంపై మినమాటా అంతర్జాతీయ ఒప్పందం కింద ఈ ట్యూబుల తయారీ కూడా 2027 నాటికి ఆగిపోవలసి ఉంది. ఎల్‌ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి చోకు, స్టార్టరు పూర్తిగా తీసేసి నేరుగా వైర్లు కలపాలి, కొన్నింటికి చోకును ఉంచి, స్టార్టరు స్థానంలో కరెంటును నేరుగా పోనిచ్చే డమ్మీ స్టార్టరు పెట్టాలి. అందుకని పెట్టె మీది వైరింగు బొమ్మను చూపించి ఎలక్ట్రీషియన్ చేతనే బిగించండి. చల్లగా, నిశ్శబ్దంగా ఉన్న మిగతా చోకులను ఉంచుకోవచ్చు, ట్యూబు మార్చినప్పుడల్లా స్టార్టరునూ మార్చండి. తీసేసిన ట్యూబుల్లో పాదరసం ఉంటుంది కనుక వాటిని పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి.