సెంటోస్ 7 ల కెర్నల్ 3.10 అని చూపిస్తే ప్యాచ్ మనమే బ్యాక్‌పోర్ట్ చేసుకోవాల్నా?

తమ్మీ, మహబూబ్‌నగర్‌ల మీ కాలేజీ సర్వర్ సెంటోస్ 7 మీద నడుస్తుంది, స్కాన్ చేస్తే కెర్నల్ (సిస్టంని నడిపే మూల ప్రోగ్రాం) 3.10 పాతది, డర్టీ కౌ అనే సెక్యూరిటీ బగ్ ఉంది అని వస్తుంది, ఫిక్స్ నేనే బ్యాక్‌పోర్ట్ చేసుకోవాల్నా, అంటే కొత్త కెర్నల్‌ల ఫిక్స్ తెచ్చి పాతదాంట్ల కలుపుకోవాల్నా అని అడిగినవ్ కదా. ముందుగాల ఆ 3.10 నంబర్ చూసి ఏదీ తేల్చకు. సెంటోస్‌కి మూలమైన సిస్టం చేసే రెడ్ హ్యాట్ వాళ్లు నంబర్ అట్లనే ఉంచి కొత్త కెర్నల్‌ల వచ్చిన ఫిక్స్‌లు తెచ్చి అండ్ల కలుపుతరు, మారేది వెనక ఉండే బిల్డ్ నంబరే. డర్టీ కౌ ఫిక్స్ 3.10.0-327.36.3 ల వచ్చింది. ఆర్‌పీఎమ్ అనే ప్యాకేజీ కమాండ్‌తోని కెర్నల్ చేంజ్‌లాగ్ (మార్పుల లిస్టు) తీసి డర్టీ కౌకి ఇచ్చిన బగ్ నంబర్ సీవీఈ-2016-5195 వెతుకు, దొరికితే ఆ ప్యాకేజీల ఉన్నట్టే, కాని అప్‌డేట్ చేసి రీబూట్ చెయ్యకపోతే నడిచేది పాతదే, అది కూడ చూడు.

సొంతంగ బ్యాక్‌పోర్ట్ చేసుడంటే నేను ఒకసారి చేసిన. 2016 అక్టోబర్‌ల ఈ బగ్ బయటపడ్డప్పుడు మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల వేబ్రిడ్జి కంప్యూటర్లు నేనే చూసేటోన్ని. కాంటా బరువు చదివే కార్డు డ్రైవర్‌కి సోర్స్ లేదు, మేం కట్టుకున్న 3.10 మీదనే లోడ్ అయితది, కెర్నల్ మారిస్తే కాంటా బంద్, అప్పటికే వానాకాలం వడ్ల లారీలు గేట్ కాడ లైన్ కడుతున్నయ్. ఇటు చూస్తే బిల్లింగ్ పిల్లలందరికి అదే మిషన్‌ల లాగిన్ ఉంది, ఈ బగ్‌తోని మామూలు లాగిన్ ఉన్నోడు కూడ రూట్ అయితడు, అంటే మిషన్ మొత్తం వాని చేతికి పోతది. 2007 ల వచ్చిన 2.6.22 నుంచి ఉన్న బగ్ అది.

ఫిక్స్ చిన్నదే. పాత కోడ్‌ల పేజీకి (మెమరీల ఒక ముక్కకి) కాపీ తయారైనంక ఫోల్ రైట్ అనే ఫ్లాగ్, అంటే రాసుడు కోసం అడుగుతున్నం అనే గుర్తు, తీసేస్తరు, ఆ సందుల ఇంకో థ్రెడ్ ఆ కాపీని పారేస్తే కెర్నల్ పోయి అసలు ఫైల్ పేజీ మీదనే రాస్తది. ఫిక్స్‌ల ఆ ఫ్లాగ్ తియ్యకుండ ఫోల్ కౌ అని కొత్తది పెట్టి, డర్టీ బిట్ (పేజీ మారింది అనే గుర్తు) కూడ ఉంటేనే రాయనిస్తరు. కొత్త కెర్నల్‌ల ఇదంత గప్ డాట్ సీ అనే ఫైల్‌ల ఉంటది, 3.10 ల ఆ ఫైలే లేదు, కోడ్ మెమరీ డాట్ సీ ల ఉంది, గందుకే ప్యాచ్ రిజెక్ట్ అయింది, చేత్తోని ఎక్కించిన. ఫ్లాగ్ పెట్టే ముక్క ఎక్కించిన, చెక్ చేసే ముక్క మర్చిపోయిన. ఒక్క వార్నింగ్ లేకుండ కంపైల్ అయింది, బూట్ అయింది, కాంటా పనిచేసింది, ఎక్స్‌ప్లాయిట్ (ఈ బగ్‌ని వాడుకునే ప్రోగ్రాం) నడిపిస్తే ఫైల్ మారలే, ఇగ అయిపోయిందనుకున్న. రాత్రి జీడీబీ అనే డీబగ్గర్‌ల, ఒక ప్రోగ్రాంని మధ్యల ఆపనీకి బ్రేక్‌పాయింట్ పెట్టంగనే ఒక సీపీయూ 100 శాతం ఎక్కి అట్లనే ఉండిపోయింది. ఎందుకంటె పాత చెక్ ఈ పేజీ రాసేటిది కాదంటది, మళ్ల ఫాల్ట్ అయితది, మళ్ల చెక్ కాదంటది, తిరుగుతనే ఉంటది. తెల్లారేదాంక కూసొని అసలు కమిట్ (ఫిక్స్ చేసిన కోడ్ మార్పు), నా ఫైల్ పక్కపక్కన పెట్టి లైన్ లైన్ చదివితే దొరికింది.

ఇంకోటి, ఆ ఫిక్స్‌కే తర్వాత ఫిక్స్‌లు వచ్చినయ్. హ్యూజ్ పేజీల (పెద్ద సైజు మెమరీ పేజీల) కాడ ఇదే చెక్ మర్చిపోయిండ్రని 2017 జనవరిల ఒకటి, అక్కడే డర్టీ బిట్ తప్పుగ పెడుతున్నరని అదే ఏడు చివర్ల సీవీఈ-2017-1000405 కింద ఇంకోటి. ఒక్క కమిట్ తెచ్చి ఊకుంటే ఇవి మిస్ అయితయ్, ఏ ఫిక్స్ తెచ్చినా దాని కమిట్ ఐడీతోని తర్వాతి గిట్ లాగ్ అంత వెతకాలె. అటుదిక్కు కొన్ని బగ్‌లు పాతదాంట్ల ఉండనే ఉండయ్, డర్టీ పైప్ అనే ఇంకో బగ్ మెయిన్‌లైన్‌ల (అసలు లినక్స్ కెర్నల్‌ల) 5.8 తోనే వచ్చింది, దాని కోసం 3.10 ల చెయ్యి పెట్టే పనే లేదు.

నీ అసలు ప్రాబ్లం డర్టీ కౌ కాదు తమ్మీ. సెంటోస్ 7 కి అప్‌డేట్‌లు 2024 జూన్ 30 తోని బంద్ అయినయ్, ఆ తర్వాత బయటపడ్డ బగ్‌లకి ఫిక్స్‌లు నీకు రావు, అవన్నీ నువ్వు ఒక్కనివే బ్యాక్‌పోర్ట్ చేసుకుంట కూసోకు, ఇంకో సిస్టంల ట్రై చేసి చూసుకొని సెలవులల్ల సెంటోస్ లాంటిదే అయిన అల్మాలినక్స్‌కి మార్చు. నాలెక్క సోర్స్ లేని డ్రైవర్ ఏదన్న అడ్డం ఉంటే ఆ కార్డు మోడల్ ఈడ రాయి, చూస్త.