సైకిల్ యాత్రలో కండరాలు పట్టేస్తున్నాయి... ఏ ప్రొటీన్ పొడి వాడాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. రెండేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పది రోజుల క్రితం మిత్రులతో గుంటూరు నుంచి శ్రీశైలానికి మూడు రోజుల సైకిల్ యాత్ర చేశాను. రెండో రోజు వినుకొండ నుంచి త్రిపురాంతకం మీదుగా దోర్నాల వెళ్లేసరికి ఎండ మండిపోయింది. పిక్కలు, తొడలు పట్టేశాయి. దారిలో మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మధ్యాహ్నం రెండు, రాత్రి ఒకటి వేసుకున్నాను. వెంట వ్యాను ఉన్నా ఎక్కడం నామోషీ అనిపించి తొక్కుతూనే వెళ్లాను. ఆ రాత్రి మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, మర్నాడు సాయంత్రానికి తగ్గింది. వచ్చే వారం సూర్యలంక వెళ్తున్నాం. కండరాలు పట్టేయకుండా ఏ ప్రొటీన్ పొడి, ఏ ఎనర్జీ డ్రింకు మంచిది? సీటు దగ్గర ఒరుసుకుపోయిన చోట ఏం రాయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: పొడి సంగతి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘డికాక్షన్ రంగు’. మీరేమో దాన్ని ప్రయాణపు అలసటలో ఒకటిగా రాసేశారు.

నీళ్లు తక్కువ తాగితే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. డికాక్షన్‌లా వస్తే లెక్క వేరు. ఎండలో గంటల తరబడి శ్రమపడిన కండరం కొంత చితికి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి దిగుతుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటాం. మీకు అదే జరిగిందని చూడకుండా చెప్పలేను, అనుమానించకుండానూ ఉండలేను. ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లవలసింది. మర్నాడు ఘాట్ రోడ్డు కూడా ఎక్కారన్నమాట!

నా అసలు కోపం ఆ మాత్రల మీద. పేరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ‘ఏం మాత్ర వేసుకున్నారు?’ అని అడిగితే నా దగ్గరకు వచ్చేవారు కూడా చొక్కా జేబులోంచి కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తీస్తారు. పేరున్న భాగం షాపులోనే ఉండిపోయి ఉంటుంది. అది డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటిదైతే కథ ఇదీ: ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ఒంట్లో తయారయ్యే ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ మాత్రలు వాటినే అడ్డుకుంటాయి. మీ బీపీ మాత్రలో ఒక మందు నీటిని బయటకు పంపిస్తుంది, ఇంకొకటి కిడ్నీ వడపోత దగ్గర ఒత్తిడి తగ్గిస్తుంది. మామూలు రోజుల్లో రెండూ మీకు మేలు చేసేవే. చెమటలు కారిపోతున్న రోజున నొప్పి మాత్ర కూడా తోడైతే మూడూ కలిసి కిడ్నీ మీద పడతాయి. అలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయకండి, అది ఇంకో సొంత వైద్యం. యాత్ర రోజుల్లో ఎలా వాడాలో, దాన్ని రాసిన డాక్టరునే అడగండి.

రేపే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించండి. కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే సీకే పరీక్ష కూడా ఉంది. అయితే ఇన్ని రోజులకు అది తగ్గిపోయి ఉండవచ్చు. మామూలుగా వచ్చినంత మాత్రాన ఆ రాత్రి ఏమీ జరగలేదని అనుకోవద్దు. ఇవి చూపించుకోనిదే సూర్యలంక వద్దు. సముద్రం ఎక్కడికీ పోదు.

పిక్కలు పట్టేయడానికి చాలావరకు కారణం కండరం అలసట. ఆగి, నెమ్మదిగా సాగదీస్తే వదులుతుంది. దాహానికి తగ్గట్టు తాగండి. సీసాలకు సీసాలు వట్టి నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత రావచ్చు. తొక్కే ముందు, తొక్కాక బరువు చూసుకోండి. పెరిగితే ఎక్కువ తాగినట్టే. ఓఆర్‌ఎస్ వాడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ప్యాకెట్టే వాడండి. పెద్దదైతే మొత్తం లీటరు నీటిలో కలపాలి, అరలీటరు సీసాలో కాదు. ‘ఓఆర్‌ఎస్’ పేరు తగిలించుకుని అమ్ముడుపోయిన తీపి డ్రింకుల మీద 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆంక్షలు పెట్టింది. బీపీ ఉంది కాబట్టి రోజూ తాగే పానీయంగా ఓఆర్‌ఎస్ వద్దు.

తెల్లవారుజామున బయలుదేరి పది, పదకొండు గంటలకల్లా నీడకు చేరండి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. గుంపులో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ కావచ్చు. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి ఒంటి నిండా చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. పారాసిటమాల్ దీనికి పని చేయదు. వెంట వ్యాను పెట్టుకునేది ఎక్కడానికే. గుంపు పెద్ద ఎవరో గానీ, అందరికంటే ముందు ఆయనే ఒకసారి ఎక్కి చూపిస్తే మిగతావారికి నామోషీ ఉండదు.

ఒరుసుకుపోయిన చోట కడిగి, తడి లేకుండా ఉంచి, వ్యాజలిన్ రాస్తే చాలు. చీము పట్టినా, జ్వరం వచ్చినా చూపించుకోవాలి.

ప్రొటీన్ పొడి వాడవచ్చో లేదో మీ క్రియాటినిన్ చూశాక మీ డాక్టరు చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్పులో ఏమైనా మిగిలి ఉంటే అది కూడా తీసుకెళ్లండి.
– జనరల్ ఫిజీషియన్, విజయవాడ