ఇంగ్లండ్‌లో కొత్త కట్టడాలపై బిల్డర్లు స్థానిక కౌన్సిల్‌కు చెల్లించే సీఐఎల్ (కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ) డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది?
కౌన్సిల్ పరిధిలో ఎక్కడైనా బడి, రోడ్డు, పార్కు లాంటి వసతులకు ఖర్చవుతుంది. కొత్త ఇళ్లతో జనం పెరిగితే ఉన్న బడిలో సీట్లు చాలవు. ఆ భారంలో కొంత బిల్డరే మోయాలని 2008 ప్లానింగ్ చట్టం ఈ వసూలుకు వీలు కల్పించింది. కొత్తగా పెరిగే ప్రతి చదరపు మీటరుకూ ఇంత అని లెక్క; పని మొదలుపెట్టాకే చెల్లించాలి.

రేటు 100 పౌండ్లనుకుంటే 90 చదరపు మీటర్ల ఇంటికి 9,000. అందులో మామూలుగా 15 శాతం, అంటే 1,350, ఆ ఊరి పారిష్ కౌన్సిల్‌కు (ఊరి స్థాయి చిన్న కౌన్సిల్‌కు) వెళ్తుంది. తమ ప్రాంతంలో ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నైబర్‌హుడ్ ప్లాన్‌ను ఊరివాళ్లు ఓటేసి తెచ్చుకుని ఉంటే 25 శాతం, 2,250. తప్పక పట్టించుకోవాల్సిన తేడా ఇది.

మా వీధిలో ఇళ్లు కట్టారు కాబట్టి డబ్బు మా వీధికే రావాలనుకుంటారు చాలామంది. అలా ఒక్కో ప్రాజెక్టుకు ముడిపడేది బిల్డర్, కౌన్సిల్ విడిగా కుదుర్చుకునే సెక్షన్ 106 ఒప్పందం. సీఐఎల్‌కు ఆ షరతు లేదు.